వెనక సీటు కొలత

“దిగు.”

“దిగను.”

“కిటికీ తెరిచే ఉంది. పక్కింటివాళ్ళు చూస్తున్నారు.”

“చూడనివ్వండి. హాల్లో స్కూటరెక్కి కూర్చున్న ఆడదాన్ని వాళ్ళు మాత్రం ఎప్పుడు చూశారు?”

దుకాణం కట్టేసి వచ్చినప్పటి నుంచీ ఆమె ఆ స్కూటరు వెనక సీటు మీద ఒక పక్కకి తిరిగి కూర్చునే ఉంది. మెడలో టేపు ఇంకా వేలాడుతోంది. టైలరు పని చేసే మనిషికి అది మెడలో ఉన్నట్టే గుర్తుండదు. విప్పిన చెక్క పెట్టె పలకలు గోడకి ఆనించి ఉన్నాయి. నేల నిండా చెక్కపొట్టు, ముడతలు పడిన కాగితం. వాటి మధ్య లేత ఆకుపచ్చ రంగులో, కొత్త పెళ్ళికూతురిలా తలవంచుకుని, సముద్రాలు దాటి వచ్చిన తాతల కాలపు స్కూటరు.

ఆమె కాళ్ళు పెట్టుకున్న పలక మరీ ఎత్తులో ఉంది. మోకాళ్ళు రెండూ గుండెల దాకా వచ్చాయి. ఆ భంగిమలో ఎవరైనా నవ్వు పుట్టించేలా ఉంటారు. ఆమె మాత్రం లేదు.

“ఇది నా కాలి కొలత కాదు,” అంది. “ఎవరి కాలో చెప్పండి, దిగిపోతాను.”

అతను పానాని రెండో చేతిలోకి మార్చుకున్నాడు.

వంటింటి గుమ్మంలోంచి అతని అక్కయ్య తొంగిచూసింది. ఆస్పత్రిలో బట్టల గది చూసి చూసి రిటైరైన మనిషి. తమ్ముడింట్లో ఉంటున్నందుకు మొహమాటపడే అలవాటు ఆవిడకి ఏ రోజూ లేదు.

“కొలతలో ఎత్తు మడమ చెప్పులు కూడా కలిశాయనుకుని, ఆ మడమ తీసేసి ఉంటారే అమ్మాయ్.”

“నేను మడమ చెప్పులు వేసుకుంటే మీ తమ్ముడు నాకు భుజం దాకా వస్తారు వదినా. పెళ్ళి ఫోటోలో నన్ను కూర్చోబెట్టి ఆయన్ని నిలబెట్టింది మీరే.”

“అప్పుడు పరువు కోసం కూర్చున్నావు. ఇప్పుడు పరువు తియ్యడానికి కూర్చున్నావు.”

మామూలు రోజైతే ఆ మాటకి ముగ్గురూ నవ్వేవాళ్ళు.

బండి కొన్నది అతనే. కట్టుడు పళ్ళు చేసే లాబ్‌లో అతని ఉద్యోగం. ఎవరివో తెలియని నోళ్ళ అచ్చులు పొద్దున్నే డబ్బాల్లో వస్తాయి, సాయంత్రానికి పళ్ళు తయారై వెళ్ళిపోతాయి. మనిషిని చూడకుండా మనిషికి సరిపోయేది చేసే పని. అందుకేనేమో ఆ దూరదేశపు వర్క్‌షాపు అతనికి అంత నచ్చింది. తుక్కులో పడి ఉన్న బండిని తెచ్చి, నట్టు నట్టూ విప్పి, తుప్పు గీకి, మళ్ళీ ఊపిరి పోసి పంపుతారు. ఒక్కో దశలో తీసిన ఫోటోలు వస్తుంటే ఫోను పట్టుకుని ఇల్లంతా తిరిగేవాడు. వర్క్‌షాపు యజమానికి ఇంట్లో ‘మీసాలాయన’ అని పేరు పెట్టింది వదినే.

ఆ మీసాలాయనకి ఒక పద్ధతుంది. అదీ అతనే చెప్పాడు, అందరికీ, మురిసిపోతూ. బండి సిద్ధమయ్యాక చివరగా, వెనక కూర్చునే మనిషికి మోకాలి నుంచి పాదం దాకా ఎంత ఉందో అడుగుతాడు. ఆ కొలత వచ్చాకే కాలి పలక చేసి బిగిస్తాడు. ముందు సీటు ఎవరిదైనా కావచ్చు, వెనక సీటు మాత్రం ఒక్కరిదే అంటాడట.

ఆ మాట మొదటిసారి విన్నప్పుడు ఆమె చేతిలో కత్తెర ఆగింది. తన కొలత ఎప్పుడు అడుగుతాడా అని ఎదురుచూసింది. అడగలేదు. నా కొలతలు ఆయనకి తెలుసు కదా అనుకుంది. అలా అనుకున్నప్పుడు కలిగిన సంతోషం ఇప్పుడు తలుచుకుంటే ఒంటి మీద ఎవరో చల్లనీళ్ళు పోసినట్టుగా ఉంది.

“వాళ్ళే పొరపాటు చేసుంటారు,” అన్నాడు అతను చివరికి. “వేరే ఎవరి పలకో మన బండికి బిగించేశారు.”

“అయితే ఫోన్ చెయ్యండి. మీసాలాయన్నే అడుగుదాం.”

“ఇప్పుడా? ఇప్పుడు వాళ్ళకి నిద్రవేళ.”

“పొద్దున బండి అందిందని చెప్పినప్పుడు, అక్కడ ఇంకా తెల్లారలేదు, అయినా ఫోనెత్తాడు పాపం అన్నారుగా?”

అతను పానాని కిటికీలో పెట్టాడు. మళ్ళీ తీసి జేబులో పెట్టుకున్నాడు.

ఆమె దిగింది. దిగమన్నందుకు కాదు. అతని చెయ్యి ఎక్కడ ఆగాలో తెలియక తిరుగుతుంటే ఇక చూడలేకపోయింది.

ఆ పూట భోజనాల దగ్గర వదిన ఒక్కతే మాట్లాడింది. హాల్లో బండి ఉంటే చీపురు ఎలా తిప్పాలన్న దాని మీద చాలాసేపు.

*

మర్నాడు దుకాణానికి నడుస్తూ ఆమె దారిపొడవునా ఆడవాళ్ళ మొహాలు చూడలేదు. మోకాళ్ళ నుంచి కిందికి చూసింది.

అనుమానం మనిషిని తెలివైనదాన్ని చేస్తుందని ఆమెకి ఇన్నాళ్ళూ తెలియదు. బస్సు కోసం నిలబడిన ఆవిడవి పొడుగు కాళ్ళు, కాదు. పూలకుండీలకి నీళ్ళు పోస్తున్న ఆవిడ దగ్గరగానే ఉంది, కానీ పిక్కలు బరువు, పలక వెడల్పు చాలదు. మందుల షాపు అమ్మాయి కావచ్చు. అమ్మాయి గల్లా దాటి బయటికొచ్చింది. కాదు. ఒక్కొక్కరినీ కొట్టేస్తుంటే లోపల ఎక్కడో కాస్త హాయిగా కూడా ఉంది. ఆ హాయిని చూసి ఆమెకే భయం వేసింది. ఇది ఎన్నాళ్ళ నుంచి నాలో ఉంది? స్కూటరు వచ్చాక పుట్టిందా, లేక కూర్చోడానికి ఒక సీటు కోసం ఎదురుచూస్తూ ఉందా?

దుకాణం తలుపు తీసి, సగం కుట్టిన కోటుని బొమ్మకి తొడిగింది. పాత బొమ్మ. మెడ నుంచి తుంటి దాకా గుడ్డ చుట్టిన మొండెం, దాని కింద ఒక ఇనప కడ్డీ, కడ్డీ కింద మూడు చక్రాలు. మరలు తిప్పితే ఛాతీ, నడుము ఎవరికి కావాలంటే వాళ్ళ కొలతకి వస్తాయి. ఇన్నేళ్ళలో అది ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళు అయింది. ఆమె మాత్రం ఎప్పుడూ కాలేదు. తన బట్టలు తను కుట్టుకోవడానికి బొమ్మ అవసరం లేదు.

కోటు తాలూకు మనిషి వచ్చింది. బ్యాంకులో క్యాషియరు. దుకాణంలో ఆవిడ పేరు ‘హడావిడి’.

“త్వరగా చూసెయ్యండి, మా మేనేజరు నా కుర్చీ వైపే చూస్తుంటాడు.”

“ఇలా స్టూలు మీద కూర్చోండి.”

కూర్చుంది. ఆమె వంగి టేపు పట్టింది. మోకాలి దగ్గర మొదలుపెట్టి కిందికి లాగింది.

“కోటుకి మోకాలి కింద కొలతెందుకండీ?”

ఆమె టేపు వదిలేసింది. అది చుట్టలు చుట్టుకుంటూ నేల మీద పడింది.

“అలవాటు,” అంది.

“చూడండి, మా పాపకి ఒక గౌను కుట్టి పెట్టకూడదూ? పక్క వీధిలో ఇస్తే ఒక్క ఏడాదికే పొట్టయిపోయింది. కింద మడత కూడా వదల్లేదు మహానుభావుడు.”

“పిల్లల బట్టలు మానేశానండీ.”

“అదేమిటో, ఒకప్పుడు మీ దగ్గరే అందరూ కుట్టించేవాళ్ళట.”

నిజమే. ఒకప్పుడు కుట్టేది. పిల్లల గౌనులకి కింద రెండు మూడు మడతలు లోపలికి వేసి కుట్టేది. పిల్ల పొడుగయ్యాక తల్లి మళ్ళీ తెస్తే ఒక మడత విప్పేది. ఆ మడత లోపల గుడ్డ రంగు వెలిసిపోకుండా కొత్తగా ఉండేది. ఒక్కో మడతా విప్పుతున్నప్పుడల్లా, ఎవరింట్లోనో ఎవరో పెరుగుతున్నారని చేతులకి తెలిసేది. మొదట్లో, తనకీ పుడతారనుకున్న రోజుల్లో, బాగుండేది. తర్వాత ఒక మధ్యాహ్నం బయటికెళ్ళి బోర్డులో ‘పిల్లల బట్టలు’ అన్న ఒక్క మాట మీద రంగు పూసేసింది. ఎందుకని అతను అడగలేదు. అడగనందుకు ఆ రోజు అతని మీద ప్రేమ కలిగింది.

“చెయ్యి ఎత్తండి,” అంది హడావిడితో. “చంక దగ్గర పట్టేస్తోందా?”

*

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి వదినా అతనూ హాల్లో ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. ఆమెను చూడగానే ఇద్దరూ లేచారు. ఒకేసారి లేచారు.

“ఒరేయ్, చెప్పేయరా,” అంది వదిన. “ఆ పిచ్చిది నిన్నటి నుంచి సరిగ్గా అన్నం కూడా తినలేదు.”

అతను గొంతు సవరించుకున్నాడు.

“నీకు తెలియకుండా చేద్దామనుకున్నాను. బండి పెట్టెలోంచి దిగగానే నువ్వు ఎక్కి కూర్చుంటే అన్నీ అమరినట్టు ఉండాలని. నిన్ను కొలిస్తే తెలిసిపోతుంది కదా. అందుకని నువ్వు దుకాణంలో లేనప్పుడు వెళ్ళి...”

వదిన అప్పటికే నవ్వు మొదలుపెట్టింది.

“...బొమ్మని కొలిచాను. అది నీ కొలతకి పెట్టి ఉంటుందనుకున్నాను.”

“బొమ్మనట!” వదిన పొట్ట పట్టుకుంది. “చూశావా వీడి తెలివి! పెళ్ళాన్ని కొలవమంటే గుడ్డల బొమ్మని కొలిచొచ్చాడు! ఊళ్ళోవాళ్ళ పళ్ళన్నీ చేస్తాడు, ఇంట్లో దాని కాలెంతో తెలీదు!”

అతనూ నవ్వాడు, తలవంచుకుని, దొరికిపోయిన పిల్లాడిలా. ఆ నవ్వు బాగుంది. పదిమందిలో ఆ నవ్వు చూసే ఆమె అతన్ని చేసుకుంది.

ఆమె కూడా నవ్వింది.

నవ్వుతూనే ఉంది. అంత సహజంగా నవ్వు రావడం ఆమెకే ఆశ్చర్యంగా ఉంది. ఆ నవ్వు వెనక, నీళ్ళడుగున రాయి కనపడినట్టు, రెండు విషయాలు స్పష్టంగా కనపడుతున్నాయి. బొమ్మకి మోకాళ్ళు లేవు. ఇనప కడ్డీకి మోకాలెక్కడ, పాదమెక్కడ? అతను ఆ దుకాణంలోకి ఎన్నిసార్లు వచ్చినా ఆ బొమ్మని ఎప్పుడూ బట్టలతోనే చూశాడు. పొడుగాటి గౌను కింద కాళ్ళు ఉంటాయనే అనుకున్నాడు, అందరిలాగే.

రెండోది, వదిన ముందే నవ్వింది. అతను ‘బొమ్మ’ అనకముందే.

అంటే ఆ మాట ఇంతకుముందే ఒకసారి ఆ గదిలో అనుకున్నారు. బాగుందో లేదో చూసుకున్నారు. బహుశా వదినే చెప్పి ఉంటుంది, ఇలా అను, నమ్ముతుంది అని.

‘బొమ్మకి కాళ్ళు లేవండీ’ అని ఒక్క మాట అంటే చాలు. నాలుక చివరి దాకా వచ్చింది. కానీ అంటే వాళ్ళు ఇంకో అబద్ధం వెతుక్కోవాలి. అదీ ఆమె వినాలి. మనుషులు తన కోసం ఇంత కష్టపడుతుంటే చూడటం సిగ్గుగా అనిపించింది. తన తప్పు కాని సిగ్గు తనకెందుకు కలుగుతోందో ఆమెకి అర్థం కాలేదు.

“మరి నిన్ననే చెప్పొచ్చుగా,” అంది.

“నువ్వు నవ్వుతావని...”

“నవ్వానుగా.”

“నవ్వావు,” అన్నాడు. అతని మొహంలో బరువు దిగింది. అంత తేలిగ్గా దిగడం చూసి ఆమె లోపల ఏదో మూసుకుంది.

“రేపు నాకు సెలవు,” అన్నాడు. “పొద్దున్నే బండి బయటికి తీద్దాం. పలక సంగతి ఇక్కడి మెకానిక్ ఎవరినైనా అడుగుతాను. అప్పటిదాకా కాస్త మోకాళ్ళు పైకి పెట్టుకుని కూర్చో.”

“కూర్చుంటాను,” అంది.

*

పొద్దున అతను చెక్క పలకని మెట్ల మీద వాలుగా వేసి, బండిని వాకిట్లోకి దించాడు. పెట్రోలు పోశాడు. కిక్కు కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. ఉన్నట్టుండి పొగ కక్కి, గురక పెట్టే ముసలాయనలా బండి లేచింది. అతను గాల్లోకి పిడికిలి ఊపాడు.

“అక్కా, విన్నావా? అసలు చప్పుడు అంటే ఇది!”

“ఊరంతా విన్నది. నేనెందుకు వినను!” అంది వదిన గుమ్మంలోంచి. చేతిలో కాఫీ గ్లాసు.

ఆమె గుడ్డ ముక్క తెచ్చి బండి తుడవడం మొదలుపెట్టింది. చేతికి ఏదో ఒక పని ఉండాలి. హ్యాండిలు, ముందు చక్రం మీది రేకు, బరువైన రెండు సీట్లు. వంగి వెనక వైపుకొచ్చింది. వెలుగులో ఇప్పుడే చూస్తోంది. హాల్లో గోడ నీడన అన్నీ ఒకే రంగులో కనపడ్డాయి.

కాలి పలకని పట్టి ఉంచిన ఇనప పట్టీ, పలక దగ్గర ఆగలేదు. అక్కడి నుంచి ఇంకా కిందికి సాగింది. దాని మీద నల్ల రబ్బరు తొడుగు ఉంది. అలంకారం అనుకుంది నిన్నటిదాకా. తుడుస్తుంటే తొడుగు అంచు లేచింది.

గోటితో లాగింది.

పలక ఉన్న చోటుకి కింద రెండు రంధ్రాలు, పక్కపక్కనే. వాటి కింద కాస్త ఎడంగా ఇంకో రెండు. వాటి కింద ఇంకో రెండు. ప్రతిదానికీ లోపల రంగు వేసి, చుట్టూ అంచు నున్నగా అరగదీసి, తుప్పు పట్టకుండా చిన్న రబ్బరు బిరడా పెట్టారు. పై మరలు విప్పి పలకని ఒక మెట్టు కిందికి దించి బిగించుకోవచ్చు. ఆ తర్వాత ఇంకో మెట్టు.

ఆమె చెయ్యి ఆ రంధ్రాల మీద పైనుంచి కిందికి ఒకసారి వెళ్ళింది. ఆ చెయ్యికి ఇది తెలుసు. మానేసిన పనిని చేతులు మర్చిపోవు.

మడతలు.

ఒకటి, దాని కింద ఇంకొకటి, దాని కింద ఇంకొకటి. విప్పుకుంటూ పోవడానికి. పెద్దవాళ్ళ బట్టలకి ఎవరూ మడత వదలరు. పెద్ద ఆడదాని కాలు ఇవాళ ఎంతో రేపూ అంతే.

నిన్నంతా వీధిలో, బస్సుల దగ్గర, మందుల షాపులో తను వెతికిన ఆడది అసలు లేనే లేదు. ఆమె పోటీపడ్డానికి సిద్ధం చేసుకున్న మొహం, వయసు, నడుము, ఏవీ లేవు. వాటి స్థానంలో ఒక్కటే మిగిలింది. ఇంకా పెరుగుతున్న ఒక కాలు.

ఇంజను చప్పుడు మీద అతను గొంతు పెంచాడు. “ఏమిటి, ఏమైనా ఊడిందా?”

ఆమె పక్కకి జరిగింది, అతను చూడటానికి వీలుగా.

అతను వంగాడు. చూశాడు. అతనికి ఈ సంగతి తెలియదని ఆమెకి వెంటనే తెలిసింది. మీసాలాయన తనంతట తనే చేసి పంపాడు. కొలత చెప్పినప్పుడు ఎవరి కోసమో కూడా చెప్పి ఉంటారు. విని, ఊరుకోలేక, రాబోయే ఏళ్ళకి కూడా చోటు వదిలి పంపాడు, అడగకుండానే, చెప్పకుండానే.

అతని మొహంలో మొదట వచ్చింది భయం కాదు. అదొచ్చి ఉంటే బాగుండేదేమో. అతని వేలు రెండో రంధ్రం మీదికి వెళ్ళి ఆగింది. పెదవులు కొంచెం విడివడ్డాయి. కళ్ళు మెత్తబడ్డాయి. ఎంత ఆలోచించాడు ఆయన, అన్నట్టుగా ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, అతను మురిసిపోయాడు.

అది ఒక తండ్రి మొహం. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె దాన్ని చూడలేదు.

తర్వాత అతను తలెత్తాడు. ఆమె తననే చూస్తోందని గుర్తొచ్చింది.

“బొమ్మలు పెరగవు,” అంది ఆమె. “ఎన్నేళ్ళు ఆ పిల్లకి?”

అతను రంధ్రం మీంచి వేలు తీసేశాడు. బండి ఒకసారి దగ్గి, ఇంకోసారి దగ్గి, ఆగిపోయింది. వాకిలి ఒక్కసారిగా ఖాళీ అయినట్టయింది. ఆ నిశ్శబ్దంలో గుమ్మం దగ్గర గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినపడింది.

“ఆ వర్క్‌షాపులో...” అని మొదలుపెట్టాడు అతను. “అంటే, ఆ రంధ్రాలు...”

“ఒరేయ్, నోరు ముయ్యి,” అంది వదిన.

ఆవిడ గొంతులో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు. చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి వచ్చింది.

“నువ్వు చెప్పకు. నీ నోట ఏదొచ్చినా ఇక నమ్మదు. ఆ బొమ్మ మాట నేర్పింది కూడా నేనే అమ్మాయ్, నన్ను తిట్టు. ఆ పిల్ల కాలు కొలిచింది కూడా నేనే. వీడు టేపు నా చేతిలో పెట్టేశాడు.”

అతను “అక్కా” అన్నాడు. బతిమాలుతున్నట్టు అన్నాడు.

“ఊరుకోరా. ఇంకా ఎన్ని మెట్లు దాస్తావు?”

ఆమె చేతిలోని గుడ్డని మడిచింది. ఇంకో మడత పెట్టింది. అరిచేతిలో పట్టేంత చిన్నదయ్యాక దాన్ని ముందు సీటు మీద పెట్టింది. వెళ్ళిపోతుందని అనుకున్నారు ఇద్దరూ. అతను దారికి అడ్డం లేకుండా ఒక అడుగు వెనక్కి కూడా వేశాడు.

ఆమె వెనక సీటు ఎక్కి కూర్చుంది.

“చెప్పండి వదినా,” అంది. “మొదటి నుంచి చెప్పండి. ముందు ఆ పిల్ల పేరు చెప్పండి.”

పొడుగాటి కాళ్ళు నేలకి ఆనీ ఆనకుండా వేలాడుతున్నాయి. ఈసారి ఆ పలక మీద ఆమె పాదాలు పెట్టలేదు.